డెక్-బిల్డింగ్ క్రీడలయందు ముక్కల క్రయనిర్ణయము

ప్రతి ఆటగాడును సమానమును స్వల్పమును అయిన ముక్కలతో ఆట ప్రారంభించి, ఆట నడచుచుండగనే బల్లపై పరచిన అంగడినుండి క్రొత్త ముక్కలను కొని తన కట్టలో చేర్చుకొనుచు, ఆ కట్టనే మరల మరల కలిపి చేతికి తీసికొనుచు, తుదకు ప్రత్యర్థులను మించుటకై యత్నించు పేకముక్కల ఆటలను డెక్-బిల్డింగ్ క్రీడలందురు. అమెరికా దేశస్థుడగు డొనాల్డ్ ఎక్స్. వక్కరీనో రూపొందించిన డొమినియన్ అను ఆట 2008లో రియో గ్రాండే గేమ్స్ సంస్థచే వెలువరింపబడి, 2009లో జర్మనీ దేశపు స్పీల్ డెస్ యారెస్ బహుమానమును పొందుటతో ఈ జాతి ఆటలు ప్రత్యేక శాఖగా నిలదొక్కుకొన్నవి. అంతకు పూర్వము 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ సృష్టించిన మ్యాజిక్: ది గ్యాదరింగ్ ఆటయందును కట్ట కూర్పు లేకపోలేదు, కాని అందు ఆటగాడు కట్టను ఇంటివద్దనే కూర్చుకొని బల్లయొద్దకు వచ్చును. డొమినియనులో కూర్పే ఆట. కావున ఏ ముక్కను కొనవలయును, ఎప్పుడు కొనవలయును, ఎన్ని ప్రతులు కొనవలయును, చేత ధనముండియు ఎప్పుడు కొనక మానవలయును అను విచారము ఈ ఆటలకు ప్రాణమై యున్నది. ఏ ముక్కకును తనంతట తనకొక స్థిరమైన విలువ లేదనియు, అది చేరబోవు కట్టను, ఆటలో మిగిలియున్న వంతులను బట్టియే దాని విలువ నిర్ణయింపబడుననియు గ్రహించుటే ఈ విచారమునకు మూలము.

హైదరాబాదు నగరమున ఈ ఆటలు ఎక్కువగా కనబడునది పశ్చిమ భాగముననే. 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి చేతులమీదుగా మాదాపూరున సైబర్ టవర్సు భవనము ప్రారంభమైన పిమ్మట, మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము ప్రాంతములు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు నివాసములై, హైటెక్ సిటీ, సైబరాబాదు అను పేర్లతో లోకవిఖ్యాతిని గాంచినవి. పగలంతయు ఏ పనికి ఎంత కాలము పట్టును, ఏ మార్పు చేసినచో ప్రోగ్రాము ఎంత వేగము పుంజుకొనును అని లెక్కలు వేయువారు, సాయంకాలమున బోర్డ్ గేమ్ కెఫేలలోను, గేటెడ్ కమ్యూనిటీల క్లబ్ హౌసులలోను, సంస్థల విశ్రాంతి గదులలోను అదే లెక్కను వినోదార్థము వేయుదురు. విదేశమునుండి వచ్చు పెట్టెల ధర వేల రూపాయలలో నుండుటచే ఒక పెట్టె కొన్నవాని చుట్టును ఒక మిత్రబృందము తనంతట తానే ఏర్పడుట సాధారణము. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి వీడియో గేమ్ సంస్థలకు ఈ నగరమున శాఖ లుండుట, భారత గేమ్ డెవలపర్ల వార్షిక సమావేశము పలు సంవత్సరములు ఇచ్చటనే జరుగుట కూడ ఆటలను ఆడుటయేగాక వాని నిర్మాణమును పరిశీలించు వర్గమును పెంపొందించినవి.

ముక్కల నెంచుకొను ఇట్టి నిర్ణయము తెలుగునాట పూర్తిగా క్రొత్తదని చెప్పరాదు. నిర్మల్ గంజీఫా ముక్కలకు పేరెన్నిక గన్న ఊరు. రమ్మీ మన పెండ్లిండ్లలోను పండుగలలోను రాత్రులు గడిపించిన ఆట. సికిందరాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బునకు సంబంధించిన వ్యాజ్యమున, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వర్సెస్ కె. సత్యనారాయణ అను పేర 1968 నాటి న్యాయ నివేదికలలో ప్రకటితమైన సర్వోన్నత న్యాయస్థానపు తీర్పు, రమ్మీ కేవలము అదృష్టముపై ఆధారపడిన ఆట కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటయందును, ఏ ముక్కను ఉంచుకొనవలయును, దేనిని పారవేయవలయును అని నిశ్చయించుటయందును గణనీయమైన నైపుణ్యము కావలయుననియు నిర్ధారించినది. ఈ ఉంచుకొనుట, పారవేయుటల విచక్షణయే డెక్-బిల్డింగ్ ఆటలలో విస్తృతరూపము దాల్చినది. భేదమొక్కటి గలదు: రమ్మీలో చెడ్డ ముక్కను ఎత్తినవాడు ఆ పందెము ముగియగానే దానినుండి విముక్తుడగును, ఇచ్చట చెడ్డ ముక్కను కొన్నవాని కది ప్రతి కలుపుడు తరువాతను మరల ఎదురగును. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడు ఆటలను తెలంగాణ రాష్ట్రము 2017 నాటి సవరణతోను, కేంద్ర ప్రభుత్వము 2025 నాటి చట్టముతోను నిషేధించినవి గాని, డొమినియనులోని రాగి, వెండి, బంగారు నాణెములు ముక్కలపై అచ్చయిన బొమ్మలే గనుక ఆ నిషేధముతో ఈ ఆటలకు నిమిత్తము లేదు.

డొమినియనులో ప్రతి ఆటగానికిని ఆరంభమున 7 కాపర్ ముక్కలు, 3 ఎస్టేట్ ముక్కలు ఉండును. కాపర్ ఒక నాణెము నిచ్చును; ఎస్టేట్ ఆట చివర ఒక పాయింటు నిచ్చునే గాని నడుమ దేనికిని పనికిరాదు. వంతునకు 5 ముక్కలు చేతికి వచ్చును. ఆ వంతున ఒక యాక్షన్ ముక్కను ప్రయోగించి, నాణెములతో ఒక ముక్కను కొని, పిదప చేతనున్నవి, కొన్నవి అన్నియు వాడిన ముక్కల కుప్పలో వేసి, మరల 5 ముక్కలు తీసికొనవలయును. తీయుటకు ముక్కలు లేనప్పుడు ఆ కుప్పను కలిపి తిరిగి కట్టగా పెట్టుదురు. సిల్వర్ ధర 3, విలువ 2. గోల్డ్ ధర 6, విలువ 3. డచీకి 5 నాణెములిచ్చి 3 పాయింట్లను, ప్రావిన్సుకు 8 నాణెములిచ్చి 6 పాయింట్లను పొందవచ్చును. వీనికి తోడు, చాలవరకు యాక్షన్ ముక్కలే యైన 10 రకముల కింగ్‌డమ్ ముక్కలు అంగడిలో నుండును. మొదటి ముద్రణలోని 25 రకములనుండి పదింటిని ఎన్నుకొను విధములు 32,68,760 గలవు గనుక, నిన్నటి అంగడి నేడు దొరకుట దుర్లభము. ఖర్చుకాని నాణెము వంతు ముగియగానే పోవును. ఏడు నాణెములతో గోల్డ్ కొన్నవానికి మిగిలిన యొక్క నాణెము మరుసటి వంతునకు రాదు. ఈ నియమమువలన ప్రతి వంతును ఒక చిన్న, తిరిగిరాని బేరముగా పరిణమించును.

మొదటి రెండు వంతులను కొంచెము నిదానించి చూచుట యుక్తము, ఏలయన ఆట గతి చాలవరకు అచ్చటనే తేలును. పది ముక్కలలో ఐదు మొదటి వంతునకు, తక్కిన ఐదు రెండవ వంతునకు వచ్చును. కావున రెండు వంతులకును కలిపి 7 నాణెములు తథ్యము. అవి ఆరింట ఐదుసారులు నాలుగు, మూడుగాను, ఆరింట ఒకసారి ఐదు, రెండుగాను విడిపోవును. మాదాపూరులో నొక కెఫే బల్లచుట్టును నలుగురు మిత్రులు కూర్చుండి, వారిలో నొకడు చేతి ముక్కలను చూచుకొని "మామా, ఫైవ్-టూ పడిందిరా!" అని పైకే అనినచో, ఆ ఉత్సాహము నిష్కారణమైనది కాదు: అంగడిలో విచ్, ల్యాబొరేటరీ వంటి 5 నాణెముల ముక్క యున్నచో అది వానికి అందరికంటె ముందు లభించును. ఆ రెండు నాణెముల వంతున కొనదగిన ముక్క లేనిచో మాత్రము ఆ ఐదింటి సంతోషములో సగము హరించుకొనిపోవును.

నాలుగు, మూడు వచ్చినవాడు రెండు సిల్వరులు కొన్నాడనుకొందము. వాని కట్టలో ఇప్పుడు 12 ముక్కలు, 11 నాణెములు. కలిపిన తరువాత మూడవ, నాలుగవ వంతులకు పది ముక్కలు వచ్చి, రెండు అడుగున నిలిచిపోవును. ఈ రెండు వంతులలో ఒక్కదానియందైనను 5 నాణెములు వచ్చుటకు నూటికి 91 పాళ్లు అవకాశము గలదు. గోల్డ్ కొనుటకు కావలసిన 6 నాణెములు వచ్చుటకు నూటికి 42 పాళ్లు మాత్రమే. రెండు వంతులలోను ఆరు వచ్చుట అసంభవము. కావున అంగడిలో మేలైన 5 నాణెముల ముక్క యున్నప్పుడు రెండు సిల్వరులు నిశ్చింతగా కొనదగిన ఆరంభము. ఆటగాడు గోల్డ్ పైననే ఆశ పెట్టుకొన్నచో అది సగము కంటె తక్కువ అవకాశముగల ఆశ. ఇంకొక సంగతి: కొన్న ముక్క ఏదైనను ఆ అడుగు రెండింటిలో చిక్కుకొని ఐదవ వంతువరకు కనబడకుండుటకు ఆరింట ఒక పాలు అవకాశమున్నది. ఇది అదృష్టమే, కాని ముందే లెక్కకు అందు అదృష్టము.

ఇట్లు లెక్కించువారు సాధారణముగా చేపట్టు కొలబద్ద ముక్కకు సగటు నాణెముల సంఖ్య. ఆరంభమున అది 0.7; చేతికి సగటున 3.5 నాణెములు. ప్రతి వంతును ప్రావిన్సు కొనవలెనన్నచో ఆ సగటు 1.6కు చేరవలయును. ఈ కొలబద్దవలన స్థూలదృష్టికి అందని విశేష మొకటి తేలుచున్నది. ఊరకయే లభించు కాపర్ ఆరంభమున కట్టకు మేలే చేయును. ఏలయన 7 నాణెముల 10 ముక్కలు 8 నాణెముల 11 ముక్కలై సగటు 0.73కు పెరుగును. సగటు ఒకటి దాటిన మరుక్షణమునుండి అదే కాపర్ కట్టను పలుచబరచును. అనుభవశాలురు ఊరక వచ్చినను కాపర్ కొనవద్దని ఉపదేశించుటకు ముఖ్యకారణ మిదియే. దానికి తోడు అది మంచి ముక్కలు తిరిగి చేతికి వచ్చుటను జాగుచేయును. ఇంటి సామానులో వలెనే ఇచ్చటను చవుకగా దొరికినదెల్ల తెచ్చుకొన్నవానికి కావలసినది కావలసినప్పుడు చేతికి అందదు.

సగటు కొలబద్ద ధనపు ముక్కలకు చక్కగా సరిపోవును గాని యాక్షన్ ముక్కలకు చాలదు. వంతునకు ఒకే యాక్షన్ అనుమతింపబడుటచే, మూడు ముక్కలు తెచ్చు స్మితీలు రెండు ఒకే చేతికి వచ్చినచో రెండవది మోడై పడియుండును. మొదటి రెండు వంతులలో, మరల యాక్షన్ నీయని ఇట్టి ముక్కలు రెండు కొన్నచో, మూడవ లేక నాలుగవ వంతున అవి రెండును ఒకే చేత పడుటకు 33లో 10 పాళ్లు, అనగా నూటికి ముప్పది పాళ్లు అవకాశము గలదు. ఈ యొక్క సంఖ్యను మనస్సున నుంచుకొన్నవాడు అట్టి రెండవ ముక్కకు బదులు సిల్వరును కొనును. యాక్షనులను పెంచు విలేజ్ ఈ చిక్కును విప్పును. కాని విలేజ్ స్వయముగా నాణెము నీయదు, దానికి తగిన స్మితీలు లేని కట్టలో అది ఒక ముక్కకు బదులు మరొక ముక్కను తెచ్చునంతే. రెండు ముక్కలు తెచ్చుచు మరల ఒక యాక్షన్ నిచ్చు ల్యాబొరేటరీ ఏ కట్టలోనైనను ఇముడును. ఐదు ముక్కల చేతిని ఆరు ముక్కల చేతిగా మార్చుట దాని నికరఫలము. ఆ ఆరవ ముక్క కాపరైనచో ల్యాబొరేటరీ కాపరుతో సమానము, గోల్డయినచో గోల్డుతో సమానము! ఒకే ధరకు ఒకే అంగడిలో కొన్న ముక్క ఇద్దరు ఆటగాండ్రకు వేర్వేరు ఫలము నిచ్చుట కిదియే ఉదాహరణము.

కొనుటకు విపరీతమైన క్రియ తొలగించుట. చాపెల్ అను 2 నాణెముల ముక్క చేతనున్న ముక్కలలో నాలుగింటివరకు ఆటనుండియే తీసివేయును. చూపునకు ఇంతకంటె నిస్సారమైన ముక్క వేరొకటి లేదు: నాణెము నీయదు, ముక్క తేదు, పాయింటు చేర్చదు, దానిని వాడిన వంతున కొనుగోలు తరచుగా అడుగంటును. అయినను మొదటి ముద్రణలో దీనితో తులతూగు ముక్కలు బహుస్వల్పము. ఒక సిల్వరును ఒక చాపెలును కొన్న కట్ట 12 ముక్కలు, 9 నాణెములు గలదై యుండును. అందు మూడు ఎస్టేటులను, నాలుగు కాపరులను తొలగించినచో 5 ముక్కలు, 5 నాణెములు మిగులును. అనగా ప్రతి వంతును కట్ట యంతయు చేతికి వచ్చును. అదృష్టమునకు తావే లేదు. కొన్న ముక్క త్వరలోనే మరల కనబడును. క్రొత్తగా ఆడువారు తమ ధనమును తామే తగులబెట్టుకొనుటకు మనసొప్పక సందేహింతురు. ఆ సందేహము సహజమే గాని, నష్టమైనది నాలుగు నాణెములు గాక, మంచి ముక్కకును చేతికిని నడుమనున్న అడ్డు అని తెలిసికొన్ననాడు ఈ ఆటలో సగము తెలిసినట్లే. దీనికి ప్రతిగా గార్డెన్స్ అను ముక్క ప్రతి 10 ముక్కలకు ఒక పాయింటు చొప్పున నిచ్చుటచే, చౌకముక్కలను ఊరకయే చేర్చు వర్క్‌షాప్ కూడ అంగడిలో నున్నప్పుడు లావుపాటి కట్టయే లాభకరమగును. విచ్ ప్రత్యర్థి కట్టలోనికి కర్స్ ముక్కలను పంపును. ఒక్కొక్కటి ఒక పాయింటును తగ్గించుటయేగాక పలుచదనమును కూడ కలిగించును. ఇద్దరాడు ఆటలో అవి పదియే గనుక ముందుగా విచ్ కొన్నవాడు వానిలో ఎక్కువ భాగమును ఎదుటివానికి అంటగట్టగలడు.

ఆటయంతటను అతి సూక్ష్మమైన నిర్ణయము కట్టను పెంచుట మాని పాయింట్లను కొనుటకు మరలు క్షణమును గుర్తించుట. ప్రావిన్సు పాయింట్లకు ఆయువుపట్టే యైనను, కొన్న మరుక్షణమునుండి అది కట్టకు బరువు. 16 ముక్కలు, 20 నాణెములు గల కట్టనుండి వచ్చు చేయి సగటున 6.25 నాణెములు గలదై యుండగా, ఒక గోల్డ్ చేర్చినచో అది 6.76కు పెరుగును, ఒక ప్రావిన్సు చేర్చినచో 5.88కు తగ్గును. మూడు వంతుల కొకసారి తిరుగు కట్టలో చేరిన గోల్డ్, ఆట ఇంకను ఆరు వంతులు సాగునన్నచో సుమారు రెండుసారులు చేతికి వచ్చి ఆరు నాణెముల నిచ్చును. ఆట రెండు వంతులలో ముగియునన్నచో అది కనబడకయే పోవచ్చును, కాగా అదే వంతున కొన్న డచీ మూడు పాయింట్లను నిశ్చయముగా నిచ్చును. ఇద్దరాడు ఆటలో ప్రావిన్సులు ఎనిమిది; అవి నిండుకొన్నచో ఆట ముగియును. అవి నాలుగైదుకు తగ్గిన నాటినుండి డచీవైపు చూపు మరలించుట అనుభవజ్ఞుల పద్ధతి.

రెండే ప్రావిన్సులు మిగిలినప్పుడు లెక్క మరియొక మలుపు తిరుగును. ఒకడు 2 పాయింట్లు వెనుకబడి, చేత 8 నాణెములు కలవాడై యున్నాడు. ప్రావిన్సు కొన్నచో 4 పాయింట్లు ముందగును. కాని ప్రత్యర్థి చేత ఎనిమిది పడినచో వాడు చివరిదానిని కొని 2 పాయింట్లతో గెలిచి ఆటను ముగించును. దానికి మారుగా డచీ కొన్నచో ఒక పాయింటు ముందగును. అప్పుడు ప్రత్యర్థి ప్రావిన్సు కొన్నచో ఐదు వెనుకబడును గాని, చివరి ప్రావిన్సు వీని పాలబడినచో ఒక పాయింటుతో గెలుపు వీనిదే. చివరినుండి రెండవ ప్రావిన్సును వెనుకబడినవాడు తొందరపడి తీయరాదను ఈ సూత్రము ఆట ఆడి ఓడిన వారి అనుభవమునుండి పుట్టినది. ఎనిమిది నాణెములు చేతబట్టుకొని ఐదు నాణెముల ముక్కను కొనుటకు ధైర్యము కావలయును.

ఇంతవరకు చెప్పినది అంగడి స్థిరముగా నుండు ఆటల సంగతి. 2010లో వచ్చిన అసెన్షన్, 2014లో రాబ్ డోహర్టీ, డార్విన్ కాసిల్ రూపొందించిన స్టార్ రెల్మ్స్ ఆటలలో అంగడి నిలుకడలేనిది: స్టార్ రెల్మ్స్ నందు ఐదు ముక్కలు వరుసగా నుండి, ఒకటి కొనగానే దాని స్థానమున తెలియని క్రొత్త ముక్క వచ్చును. కాబట్టి తనకు ఉపయోగింపని ముక్కయైనను ప్రత్యర్థికి అమృతప్రాయమైనచో దానిని తీసికొనవలసిన అవసరము కలుగును. చౌకముక్కను కొనుటచే దాని తావున మహత్తరమైన ముక్క బయటపడి ఎదుటివాని పాలగుటయు కలదు. మునుముందు ఏమి దొరకునో తెలియనప్పుడు దీర్ఘప్రణాళికలు వేసి కూర్చుండుట మీనమేషములు లెక్కించుటయే యగును.

ఒంటరిగా కంప్యూటరుపై ఆడు ఆటలలో ఈ విచారము మరింత ముదిరినది. మెగాక్రిట్ సంస్థ 2017లో ముందస్తుగాను, 2019లో పూర్తిగాను విడుదల చేసిన స్లే ది స్పైర్ ఆటలో పోరు గెలిచిన పిమ్మట మూడు ముక్కలు చూపి ఒకటి తీసికొమ్మందురు. ఏదియు తీసికొనక పోవుటకును స్వేచ్ఛ గలదు. వర్తకుని యొద్ద ముక్కను కొనుటకేగాక ఉన్నదానిని తొలగించుటకును బంగారము చెల్లింపవలయును: మొదట 75, ఆపై ప్రతిసారి 25 హెచ్చు. తొలగింపునకు కూడ ధర నిర్ణయించుట ఈ ఆట చేసిన గొప్ప మేలు. 2024లో వచ్చిన బలాత్రో మన పేకలోని 52 ముక్కలతోనే ఆరంభమగును. ఇందు డొమినియనునకు భిన్నముగా ధనము నిలువయుండి వడ్డీ తెచ్చును, ప్రతి 5 డాలర్లకు 1 డాలరు వంతున సాధారణముగా 5 డాలర్లవరకు. అందుచే 25 డాలర్లకు దిగువకు పోనిచ్చి అంగడిలో కొన్న ప్రతి జోకరు ముక్కయు తన ధరతోపాటు రాబోవు వడ్డీని కూడ మ్రింగును.

సైబరాబాదులో ఈ ఆటలాడు ప్రోగ్రామర్లకు సహజముగా తోచు పని యొకటి గలదు: ఎనిమిది వచ్చినచో ప్రావిన్సు, ఆరు వచ్చినచో గోల్డ్, మూడు వచ్చినచో సిల్వర్ అను మూడు నియమములతో నడచు, బిగ్ మనీ అని పేరుగన్న పద్ధతిని పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రాముగా వ్రాసి, దానిని వేలసారులు ఆడించి, ఒక స్మితీని చేర్చినచో ఎన్ని వంతులు తగ్గునో కొలుచుట. ఇది నిజముగా ఉపకరించు పరిశోధన; ఏ క్రొత్త వ్యూహమైనను ఈ బిగ్ మనీని మించనిచో అది వ్యర్థమని తేల్చుటకు ఇంతకంటె ప్రమాణము లేదు. అయితే ఆ ప్రోగ్రాము ప్రావిన్సులు నిండుకొనుటనే ఆటకు ముగింపుగా తలచి పరుగిడును. అంగడిలోని ఏ మూడు కుప్పలు ఖాళీ అయినను ఆట ముగియునను నియమమును పట్టుకొని, మార్కెట్, ఫెస్టివల్ ముక్కలవలన ఒకే వంతున మూడు నాలుగు కొనుగోళ్లు సంపాదించిన ప్రత్యర్థి, ఒక్క పాయింటు ఆధిక్యము లభించిన వంతుననే మిగిలిన ఎస్టేటులను, విలేజులను తుడిచిపెట్టి ఆటను ముగించినచో, సగము ప్రావిన్సులైనను అమ్ముడుపోకముందే బిగ్ మనీ ఓడిపోవును.